కదపడానికి లేదండి

ఫోన్ ఇంకా మోగలేదు. బోర్లా పెడితే మోగినా తెలియదేమోనని వెల్లకిలా తిప్పాను, వెల్లకిలా ఉంటే దాన్నే చూస్తూ కూర్చోవాలని మళ్లీ బోర్లా పెట్టాను. ఈపాటికి మావయ్యగారూ, గణేష్‌బాబు అన్నయ్యా కొవ్వూరు దాటేసి ఉంటారు. అక్కడికి దిగువన రెల్లుపొదల్లో ఎవరిదో శవం చిక్కుకుని ఉందని, వచ్చి చూసుకోమని పొద్దున్నే కబురు. ఎవరిదో అన్నది నేను తగిలించుకున్న మాట. పోలీసాయన అన్నది వేరు, మీ వాడేనేమో చూసుకోండి అన్నాడట. మా వాడంటే నా మొగుడు హరిబాబు. శివరాత్రి తీర్థానికి పట్టిసీమలో ఫ్లెక్సీలు కట్టడానికి వెళ్లి, కట్టడం అయ్యాక ఒక్క ములక వేసి వస్తానని స్నేహితుడు గణేష్‌బాబు అన్నయ్యతో చెప్పి, చొక్కా, చెప్పులు, ఫోను ఇసుకలో పెట్టి గోదావరి వైపు నడిచిన మనిషి. ములగడం చూసినవాళ్లు లేరు, తేలడం చూసినవాళ్లు లేరు. అంత జనంలో ఎవరి స్నానం వాళ్లది. పడవలు వేసి వెతికారు, వలలు వేసి వెతికారు, దొరకలేదు. ఉగాది కూడా దగ్గర పడింది. దొరకనివాడు పోయినట్టా? నా మటుకు నాకు దొరకనివాడు దొరకనట్టే, అంతకు మించి ఒక్క ముక్క ఎవరన్నా ఒప్పుకోను, ఒప్పుకోనని ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే నన్ను అక్కడికి తీసుకెళ్లలేదు. నువ్వు షాపులో ఉండమ్మా, మీ అత్తయ్యకి తోడుగా ఉండు అన్నారు మావయ్యగారు. అత్తయ్యగారికేమో నాకు తోడుగా ఉండమని చెప్పారు.

అత్తయ్యగారు ముందుగదిలో కౌంటర్ దగ్గర కూర్చున్నారు, నేను వెనకగదిలో ప్రింటర్ పక్కన, మధ్యలో గుడ్డ తెర. షట్టర్ సగం దించేశాం, పనివాళ్లని రావద్దన్నాం. రోజూ ఈ వేళకి ప్రింటర్ అటూ ఇటూ పరుగులు పెడుతూ చెవులు తినేస్తుంది, ఇంకు వాసనకి తల పట్టేస్తుంది. ఈరోజు వాసన ఒక్కటే ఉంది. స్టేషన్లో ఏదో రైలు లేటని చెబుతున్నారు, ఏ రైలో వినపడటం లేదు, లేటన్న మాట మాత్రం స్పష్టంగా వినపడుతోంది. ఎదురుగా అలమరలో నల్లటి పెట్టె, దానికో ఆకుపచ్చ దీపం. మా షాపుకి వచ్చిన ప్రతి మనిషి ఫోటో ఆ పెట్టెలోనే ఉంటుంది. ముందుగదిలో ఏ కంప్యూటర్లోంచి ఎవరు ఏ ఫోల్డర్ అడిగినా ఆ దీపం మిణుకుమంటుంది, ఎవరూ ఏమీ అడగనప్పుడు నిలకడగా వెలుగుతుంది. కంప్యూటర్లన్నీ నిన్న సాయంత్రం నా చేత్తో నేనే ఆపాను. ఇందాకటి నుంచి దీపం మిణుకుమంటోంది. ఆగుతోంది, మళ్లీ మిణుకుమంటోంది. ఎవరో అడుగుతున్నారు. అయినా లేచి వెళ్లలేదు. వెళితే ఏ వైరో లూజుగా ఉందని తెలిసిపోతుంది. తెలియకూడదు. అడుగుతున్నవాడు ఎవరో, అడగనీ.

మా షాపు పేరు సంపూర్ణా డిజిటల్స్. సంపూర్ణమ్మ మా అత్తయ్యగారి పేరు. నిడదవోలులో మా దగ్గర ఫ్లెక్సీ వేయించని కొంప లేదంటే అతిశయం కాదు. ఓణీల ఫంక్షన్, పెళ్లి, గృహప్రవేశం, నాయకుడి పుట్టినరోజు, చివరికి పెద్దకర్మ. ప్రతి ఫ్లెక్సీ అడుగునా తలకాయల వరస ఉంటుంది కదా, శుభాకాంక్షలతో అని, ఆ తలకాయలు లేకపోతే ఫ్లెక్సీకి విలువే లేదు, నా తలకాయ చిన్నదైందని పోట్లాటకి వచ్చినవాళ్లున్నారు. ఆ తలకాయలన్నీ వెనకాల గోడలూ చెట్లూ చెరిపేసి, శుభ్రంగా కత్తిరించి, మనిషికో ఫోల్డర్ చేసి దాచడం హరి పద్ధతి. బతికున్నవాళ్లందరూ 'శుభం' అనే పెద్ద ఫోల్డర్లో ఉండేవారు. ఎవరైనా పోతే అందులోంచి తీసి 'నివాళి' అనే ఫోల్డర్లోకి మార్చేవాడు. పోయినాయన మరుసటి ఏడాది ఎవరి పుట్టినరోజుకో అడుగు వరసలో నవ్వుతూ నిలబడితే ఆ ఇంటివాళ్లు ఊరుకుంటారా? కబురు తెలిసిన సాయంత్రం హరి స్నానం చేసి వచ్చి, కౌంటర్ ముందు కూర్చుని, ఆ మనిషి ఫోల్డర్ని మౌస్‌తో పట్టుకుని శుభంలోంచి నివాళిలోకి లాగేవాడు. స్నానం ఎందుకండీ, మీరేమన్నా మోశారా అనేదాన్ని. మోసినట్టే కదే అనేవాడు. నాకు నవ్వొచ్చేది. తునిలో మా నాన్నది కిరాణా కొట్టు, అక్కడ ఇటువి అటు మారిస్తే బస్తాలే మారతాయి.

మళ్లీ మిణుకుమంది. నేను చూడటం లేదు. వీరబ్రహ్మంగారు గుర్తొస్తున్నారు, వద్దన్నా వస్తారు. బంగారప్పని చేసేవారు, వినాయకచవితి కమిటీలో పెద్దమనిషి. కమిటీ ఫ్లెక్సీకి పైన ఒక పట్టీ ఉంటుంది, పోయిన సభ్యుల ఫోటోలకి దండలు, అటూ ఇటూ దీపాలు. ఆ పట్టీకి నివాళిలోంచి తీస్తారు, అడుగు వరసకి శుభంలోంచి తీస్తారు, పేర్చేస్తారు, అయిపోతుంది. ఎవరి చెయ్యో, ఎప్పుడో, ఒక ఫోల్డర్ లాగబోతే ఇంకొకటి కదిలింది. కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. నిక్షేపంలాంటి మనిషి జారి నివాళిలో పడ్డారు, ఎవరూ చూసుకోలేదు. తెల్లారేసరికి పందిరి మీద అంత పెద్ద ఫ్లెక్సీలో ఆయన దండ వేసుకుని ఉన్నారు. ఆయనే వచ్చి చూశారు. చూసి పకపకా నవ్వారు. "ఏంటి హరిబాబూ, చామంతులు వేశావు, నాకు మల్లెలు ఇష్టం కదయ్యా" అన్నారు. చావు కబురు అబద్ధమైతే ఆయుష్షు పెరుగుతుందిలే, నాకింకో పాతికేళ్లు రాసిచ్చావు పో అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, హరి ఒక్కడు నవ్వలేదు. గంటలో కొత్త ఫ్లెక్సీ వేసి కట్టాం. ఆ హడావిడిలో ఫోల్డర్ని వెనక్కి మార్చాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. నిమజ్జనం అయిన కొద్దిరోజులకే వీరబ్రహ్మంగారు పనిబల్ల ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఆ సాయంత్రం హరి స్నానం చేసి వచ్చి కౌంటర్ ముందు కూర్చున్నాడు. లాగడానికి ఏమీ లేదు, ఆయన ముందే అక్కడున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

తర్వాత అన్నం మానేశాడు. మానేశాను అని చెప్పలేదు, పళ్లెం ముందు కూర్చునేవాడు, కలిపేవాడు, లేచేవాడు. నేనే చంపాను అని పైకి అంటే తిట్టి మళ్లించేదాన్ని, అననైనా అనడే. ఒకరోజు నెమ్మదిగా అడిగాడు, ఆ ఫోల్డర్లు ఎవరూ కదపకుండా చెయ్యగలవా, నేను కూడా కదపకుండా, అని. ఎమ్‌సీఏ చదివిన పెళ్లాం చేత ఇన్నాళ్లూ జీఎస్టీ బిల్లులు కొట్టించుకున్న మనిషి, మొదటిసారి నా చదువుని నన్ను అడిగాడు. ఎందుకు చెయ్యలేను అన్నాను. ఆ పెట్టెకీ మనుషులకీ మధ్య నిలబడే ప్రోగ్రాం ఒకటి రాశాను. మా నాన్న కొట్లో కౌంటర్ వెనక నిలబడ్డట్టే. ఏం కావాలో చెబితే లోపలికెళ్లి తెచ్చి చూపిస్తుంది, నకలు తీసుకోమంటుంది, అంతే, కౌంటర్ దాటి లోపలికి ఎవరినీ రానివ్వదు. చెరపడం లేదు, పేరు మార్చడం లేదు, ఇక్కడినుంచి అక్కడికి లాగడం లేదు. కొత్తవాళ్లని చేర్చాలన్నా ఈ వెనకగదిలో, ఈ పెట్టె ముందు, నేనొక్కదాన్నే. ఒక ఫోటో అడిగితే తెచ్చివ్వడం తేలికే. ఫోల్డర్ని అడిగితే ఏమివ్వాలన్నదే చిక్కు. ఫోల్డర్ అంటే వస్తువు కాదు, చోటు. చోటు ఇమ్మంటే ఏం తెచ్చిస్తాం? అందులో ఎవరెవరున్నారో పేర్లు చదివి చెబుతాం, అక్షరాల వరసలో. ఎవరూ లేని ఖాళీ ఫోల్డరైతే? దాన్ని చూపించడం దండగ అనుకుని, ఖాళీవాటిని వదిలెయ్యమని ఒక లైను రాసేశాను. హరి పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"శుభం అడిగితే ఏం చూపిస్తుంది?" అన్నాడు.

"శుభంలో ఉన్నవాళ్లని."

"నివాళి అడిగితే?"

"నివాళిలో ఉన్నవాళ్లని. ఇదేం ప్రశ్నండీ?"

స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "ఏది అడిగినా అందరినీ కలిపి చూపించకూడదా?"

నాకు ఒళ్లు మండింది. ఒకటి అడిగితే రెండూ తెచ్చి పడేసేది ప్రోగ్రామెలా అవుతుందండీ, ఎవరు పోయారో ఎవరున్నారో కుర్రాళ్లకి ఎలా తెలుస్తుంది, పోయినాయన్ని మళ్లీ అడుగు వరసలో నిలబెడతారు అన్నాను. నన్నడగమను, నాకందరూ గుర్తుంటారు అన్నాడు. అంటూ నా వంక చూశాడు. ఆ మొహం చూశాక ఇంక వాదించలేదు, రాసేశాను. పెట్టె లోపల శుభం, నివాళి వేరువేరుగానే ఉంటాయి. కంప్యూటర్ తెర మీద మాత్రం ఒక్కటే వరస, పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ కలిసిపోయి. విజయలక్ష్మిగారి తర్వాత వీరబ్రహ్మంగారు, ఆయన తర్వాత వెంకాయమ్మగారు, ఎప్పటిలాగే. ఎవరైనా కదపబోతే వద్దని చెప్పడానికి నేనేదో ఇంగ్లీషు ముక్క పెడితే, తిట్టినట్టుందే అన్నాడు. తనే కీబోర్డు లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. చూడొచ్చండి. కదపడానికి లేదండి. అన్ని అండీలు ఎందుకండీ అంటే, పెద్దవాళ్లు కూడా వస్తారు కదే అన్నాడు. ఆ రోజు పప్పుచారు రెండోసారి వేయించుకుని తిన్నాడు. నేను గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇంతకంటే గొప్ప పని నా చదువు ఎప్పుడూ చెయ్యలేదు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఎండ షట్టర్ కిందనుంచి తెరదాకా వచ్చేసింది. వాళ్లు చేరే ఉంటారు. చేరితే ఫోన్ చెయ్యాలి కదా. చేరి, చూసి, ఏం చెప్పాలో తోచక చెట్టుకింద నిలబడ్డారేమో. ఎలా పోల్చుకుంటారు ఇన్నాళ్ల తర్వాత? ఎడం అరచేతిలో మచ్చ ఉంటుంది, ఫ్లెక్సీ కోస్తుంటే బ్లేడు దిగిన మచ్చ, కుట్లు పడ్డాయి. మొలకి వెండి మొలతాడు, వాళ్లమ్మ కట్టింది. అవి చెప్పి పంపించారు అత్తయ్యగారు, నేను వింటుండగానే, సామాన్ల గుర్తులు చెప్పినట్టు. ఆవిడకి తొందర. కన్నకొడుకుని పంపించెయ్యాలని అంత తొందరేంటో నాకు అర్థం కాదు. నీళ్లు వదలాలమ్మా, దర్భలతో బొమ్మ చేసి జరిపిస్తారట, పంతులుగారు చెప్పారు, లేకపోతే వాడు దాహంతో తిరుగుతుంటాడమ్మా అని రోజూ ఒకటే పాట. గోదాట్లో పోయాడంటున్నారు కదా, ఇంకా దాహమేంటండీ అన్నాను ఒకరోజు. నోరు జారి కాదు, కావాలనే అన్నాను. ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. ఊళ్లో ఫ్లెక్సీ షాపుల సంఘంవాళ్లు నివాళి ఫ్లెక్సీ కట్టిస్తామని వచ్చినప్పుడు కూడా ఆవిడ వద్దనలేదు. మావయ్యగారు మా డిజైనర్ భానుతేజకి చెప్పారు. వాడు హరిబాబు అన్న ఫోల్డర్ పేరు ముందు కీ.శే. చేర్చబోయి, హరి కొట్టిన ఆ ముక్క తెర మీదకి వచ్చేసరికి అదిరిపడి, ఈ గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, అన్నయ్య వద్దంటున్నాడక్కా" అన్నాడు. వాడి మీద కేకలేశాను. వాడు వెళ్లాక ప్రింటర్ ఆన్ చేసి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చాను. ఫ్లెక్సీ అక్కడితో ఆగింది.

అప్పటినుంచి ఈ పెట్టెని చూస్తే భయమూ వేస్తుంది, వదిలి వెళ్లబుద్ధీ కాదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి ఒక్కోసారి కుర్చీ జరిగి ఉండేది, కౌంటర్ కంప్యూటర్ వెచ్చగా ఉండేది. కుర్రాళ్లని అడిగితే మేం బయట టీ తాగుతున్నామండి అనేవారు. ఆయనే వచ్చి వెళ్లారా? వస్తే వచ్చినట్టు కనపడాలి కదా. బతికే ఉంటే ఇంత దూరం వచ్చి పెళ్లాం మొహం చూడకుండా వెళ్లిపోతాడా? బతికి లేకపోతే కంప్యూటర్ ఆన్ చేస్తాడా? ఈ వాదన నాలో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో, ప్రతిసారీ నేనే ఓడిపోతాను. ఎక్కడో ఒడ్డుకి ఈది, పోలవరం అడవుల వైపు నడిచిపోయి, ఏ టీకొట్లోనో గ్లాసులు కడుగుతూ ఉన్నాడేమో. వీరబ్రహ్మంగారి భారం దింపుకోవడానికి వెళ్లాడేమో. వస్తే ముందు చెంప పగలగొడతాను, తర్వాత అన్నం పెడతాను. శివరాత్రి పొద్దున ఫ్లెక్సీలు చుట్టలు చుడుతూ, ఏమే, అక్షరాల వరసలో నేను ఆఖర్న వస్తాను కదూ, ఫ్లెక్సీ అంచున మేకు కొట్టేది ఎప్పుడూ నా మొహం పక్కనే అన్నాడు. నేను పోపు వేస్తూ, అయితే పేరు మార్చుకోండి అన్నాను. నవ్వాడు. ఆ మాటలో ఏమన్నా ఉందా? తిప్పితిప్పి చూశాను, ఏమీ లేదు. ఉందేమో. లేదు, ఎప్పుడూ అలాంటి మాటలే అంటాడు. తనన్నట్టే ఇంచుమించు ఆఖర్నే, హనుమంతు తర్వాత వస్తాడు, తర్వాత హైమావతిగారు ఒక్కరే. ఇప్పుడు ఫోన్ మోగి, అవునమ్మా అంటే, ఈ పెట్టె ముందు నేను కూర్చోవాలి. శుభంలోంచి ఆయన్ని నేను లాగాలి, స్నానం చేసి వచ్చి మరీ. లాగినా తెర మీద ఏ తేడా ఉండదు, హనుమంతు తర్వాతే ఉంటాడు. తేడా తెలిసేది ప్రపంచం మొత్తంలో నాకొక్కదానికే. ఎంత తెలివిగా రాశానో, ఆ తెలివి అంతా నా మెడకే చుట్టుకుంది. దీపం మళ్లీ మిణుకుమంది. "ఏవండీ" అన్నాను పైకే. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఫోన్ మోగింది. బోర్లా ఉన్న ఫోన్ బల్ల మీద గిరగిరా తిరుగుతోంది. తీశాను.

"చెల్లెమ్మా" అన్నాడు గణేష్‌బాబు అన్నయ్య. ఊపిరి తీసుకున్నాడు. "కాదమ్మా. మన హరి కాదు."

అన్నయ్య చెప్పుకుపోతున్నాడు, చెయ్యి చూశామమ్మా, మచ్చ లేదు, మొలతాడు లేదు, వయసు మళ్లిన మనిషి, తెల్ల పంచె, కాలి బొటనవేలికి రాగి చుట్టు ఉంది, అంతకు మించి ఆనవాలు లేదు. ఆయన కోసం ఎవరూ రాలేదట. ఆనవాళ్లు రాసి ఒక పోస్టరు వేయించి నాలుగు చోట్ల అంటించమని పోలీసులు అంటున్నారు, మనమే వేద్దామా అని మావయ్యగారు అడగమన్నారు. "ముఖం మాత్రం ఫోటో తియ్యడానికి లేదమ్మా" అన్నాడు. సరే అన్నయ్యా, వేద్దాం అన్నాను. ఫోన్ పెట్టేశాను. సంతోషం వేసింది, నిజం చెబుతున్నాను, పండగలా సంతోషం వేసింది. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. కాదు అంటే రేపు కూడా ఈ కుర్చీయే, ఈ ఫోనే, ఈ దీపమే. అయినా సరే, రేపు కూడా కావాలి నాకు. ఇప్పుడు ఈ మాట ముందుగదిలో చెప్పాలి. దర్భల బొమ్మ అంటారు మళ్లీ, ఇంకెన్నాళ్లమ్మా అంటారు, అననీ, ఈరోజు నేను కూడా తేల్చేస్తాను అనుకుంటూ తెర పక్కకి లాగాను.

కౌంటర్ కంప్యూటర్ వెలుగుతోంది. అత్తయ్యగారు కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, మౌస్ మీద చెయ్యి వేసి, తెరకి దగ్గరగా వంగి ఉన్నారు. తెర నిండా హరి. గళ్ల చొక్కాలో హరి, పెళ్లి పంచెలో హరి, నాలుక బయటపెట్టి హరి.

"మీరా?" అన్నాను.

"ఎవరనుకున్నావు?" అన్నారు. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనెవరనుకున్నానో ఆవిడకి తెలిసిపోయింది. "వాడే నేర్పాడమ్మా, పేకముక్కలాట ఆడుకోమని. ముక్క పట్టుకో, లాగు, వదులు అని. ఆ ఆట బోరు కొట్టి జనాన్ని చూడటం మొదలెట్టాను. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు వస్తుంటాను."

"మనవాడు కాదటండీ."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "కాదా? చెయ్యి చూశారా? సరిగ్గా చూశారా?" అంటూ కుర్చీలో వెనక్కి వాలిపోయి, "బతికించావు తండ్రీ" అన్నారు. కళ్లనుంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను తేల్చుకోవడానికి తెచ్చుకున్న మాటల్లో ఒక్కటే మిగిలింది.

"రోజూ నీళ్లు వదలాలంటారు కదండీ మీరు" అన్నాను చివరికి.

"అంటాను. ఒకవేళ పోయే ఉంటే నా బిడ్డ దాహంతో ఉండకూడదు కదమ్మా, అందుకని అంటాను. పోకపోతే ఎలాగూ నువ్వు విననే వినవు. ఆ ధైర్యంతోనే అంటాను."

ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాను. ఆవిడ చెయ్యి నా తల మీద పడింది, జిడ్డుగా ఉందే, తలంటుకోలేదేంటి అన్నారు. కాసేపటికి, మరి ఆయనెవరట అని అడిగారు. తెలియదటండీ, ఎవరూ రాలేదట, పోస్టరు మనమే వెయ్యాలి అని పంచె సంగతీ, రాగి చుట్టు సంగతీ చెప్పాను. "ఎవరి ఇంటి మనిషో. మనవాడు కూడా ఎక్కడైనా..." అని ఆపేశారు. "పాపం ఆయన్ని కూడా ఇందులో పెట్టమ్మా" అన్నారు.

"ఫోటో లేదండీ. ఖాళీ ఫోల్డర్ పెడితే కనపడదు."

"ఎందుకు కనపడదు?"

"నేనే అలా రాశాను."

"అయితే మార్చి రాయి" అన్నారు, చారులో ఉప్పు తక్కువైతే చెప్పినంత తేలిగ్గా.

వెనకగదిలోకి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. ఇక్కడ రెండు ఫోల్డర్లూ విడివిడిగా కనపడతాయి. చాన్నాళ్లైంది వాటిని అలా చూసి. నివాళిలో 'పేరు తెలియదు' అని కొత్త ఫోల్డర్ చేశాను. పక్కన శుభంలో అడుగున హరి ఉన్నాడు. ఇక్కడ నన్ను వద్దనేవాళ్లు ఎవరూ లేరు, లాగితే వస్తాడు. మౌస్ పక్కన పెట్టేసి, ఖాళీవాటిని చూపించొద్దన్న ఆ లైను చెరిపేశాను. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపాను, దీపం ఆరిపోయింది.

"సుప్రియా!" ముందుగదిలోంచి కేక. "వాడేడమ్మా? అందరూ పోయారు, ఒక్కళ్లు లేరు!"

"వస్తారండీ, ఉండండి, వస్తారు" అంటున్నాను, నా వేళ్లు ఒక అక్షరం కొట్టబోయి ఇంకొకటి కొడుతున్నాయి. మళ్లీ కొట్టాను. దీపం వెలిగింది, మిణుకుమంది. వచ్చారమ్మా, వచ్చారు అన్నారు అవతలినుంచి. వెళ్లి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను. పెద్దిరాజుగారి తర్వాత, పైడమ్మగారి ముందు, పేరు తెలియదు. ఆవిడ దాని మీద నొక్కారు. లోపల తెల్లగా ఉంది.

"ఇంతేనా?"

"ఆయన తాలూకు ఎవరన్నా వచ్చి ఫోటో ఇస్తే పెడదామండీ."

"ఉండనీ. చోటంటూ ఉంది కదా" అన్నారు. తర్వాత వరసంతా జరుపుకుంటూ కిందికి వెళ్లారు, హనుమంతు దాటి హరి దగ్గర ఆగారు. గళ్ల చొక్కా ఫోటో మీద మౌస్ పెట్టి, నొక్కి పట్టుకుని, పేకముక్కని లాగినట్టు పక్కకి లాగడం మొదలుపెట్టారు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారండీ?" అన్నాను కంగారుగా.

"ఉండవే. రోజూ ఒకసారి కదుపుతాను. ఊరుకోడు వాడు" అన్నారు, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే. వేలు వదిలారు. ఫోటో జరిగినట్టే జరిగి మళ్లీ తన చోటికి వెళ్లిపోయింది. దాని కింద మెల్లగా అక్షరాలు వచ్చాయి.

చూడొచ్చండి. కదపడానికి లేదండి.

"విన్నావా?" అన్నారు అత్తయ్యగారు.

"విన్నానండి" అన్నాను. "ఇంకొక్కసారి లాగండి."